ఎండ వంతు

పొన్నకాలువ స్టేషన్‌కి పొద్దున ఏడున్నర ప్యాసింజర్ ఏడున్నరకే వచ్చిందని చెప్పేవాళ్ళు ఇంకా పుట్టలేదు. గూడూరులో సరైన టైముకే బయలుదేరుతుంది పాపం. దార్లో ఏదో ఒక గూడ్సుకి పక్కకి తప్పుకోవాల. బొగ్గు పోతా ఉంటుంది, ఎరువులు పోతా ఉంటాయి, సిమెంటు పోతా ఉంటుంది, మనుషులు మాత్రం ఆగాల. బొగ్గుకి ఉన్నంత తొందర మనిషికి ఉండదని ఎవరో ఎప్పుడో తేల్చేసినట్టున్నారు. కాబట్టి నెల్లూరు కాలేజీలకి పోయే పిల్లకాయలు, ఆసుపత్రి నర్సులు, గుడ్డల షాపుల్లో నిలబడి పనిచేసే ఆడపిల్లలు, చేపల గంపలతో పాలెం ఆడోళ్ళు అందరూ ప్లాట్‌ఫారం మీద కూర్చుని, ఎదురుగా యార్డులో నిలబడి ఉండే గూడ్సుని చూస్తా ఉంటారు.

గూడ్సులో చూడ్డానికి ఏముంటుంది అంటారేమో. శానా ఉంటుంది. ఖాళీగా తిరిగొచ్చే బొగ్గు వ్యాగన్లు ఎక్కడ ఖాళీ అయినాయో అక్కడి ఎండో వానో నింపుకుని వస్తాయి. పైన కప్పు లేనివి కదా, బొగ్గు దిగిపోయినాక ఆ చోటులో ఏదో ఒకటి చేరాల్సిందే. బళ్ళారి వైపు పోయొచ్చిన వాటిలో పొడి గాలి ఉంటుంది, పక్కనున్న రేకు తలుపు తీస్తే సుయ్యిమని ఎర్రదుమ్ముతో బయటికొస్తుంది. కొండల మీంచి వచ్చిన వాటిలో పొగమంచు. మే నెలలో అట్టాంటిది ఒకటి వచ్చి ఆగిందంటే ఊరోళ్ళు చాపలు చంకన పెట్టుకొచ్చి దాని పక్కన పడుకుంటారు. పోయినేడు ఒడిశా నుంచి వచ్చిన వ్యాగన్లో మూడు రోజుల ముసురు ఉండి, తెలియక దాని పక్కన నిలబడిన స్టేషన్ మాస్టర్ ఉషారాణి మేడమ్‌కి జలుబు పట్టుకుని వారం వదల్లేదు. అప్పట్నుంచి ఏ ఖాళీ గూడ్సు వచ్చినా ఆమె ఆఫీసు గుమ్మంలోంచే కేకేస్తుంది.

"సుబ్బూ, ఏముంది దాంట్లో?"

సుబ్బు అక్కడ పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. పదిహేనేళ్ళ సర్వీసు. వ్యాగన్ నిచ్చెన ఎక్కి, లోపలికి తొంగిచూసి, చేయి పెట్టి కలిపి చూసి మరీ చెప్తాడు.

అన్నిటికంటే గిరాకీ ఎండకే. అక్టోబరు వచ్చిందంటే ఈ సముద్రపొడ్డున ఎండ మొహం చూడ్డానికి నెలన్నర పడుతుంది. రైలు కట్టకి పడమటి పక్క ఊళ్ళో వడ్లు, తూర్పు పక్క పాలెంలో చేపలు. రెండూ ఎండితేనే బతుకు. ఒకప్పుడు కడప వైపు నుంచి ఎండ వ్యాగన్ వస్తే చాలు, రెండు పక్కల వాళ్ళూ పట్టలు ఎత్తుకుని పరిగెత్తుకొచ్చి జుట్లు పట్టుకునేవాళ్ళు. వడ్లకి నీచు వాసన పట్టిందని వీళ్ళు, చేపల్లో ఊక కలిసిందని వాళ్ళు. ఆఖరికి కాలవ నీళ్ళకి వంతులున్నట్టే ఎండకి కూడా వంతులు పెట్టుకున్నారు. ఒక వ్యాగన్ ఊరికి, తర్వాతది పాలేనికి. అవసరం ఉన్నా లేకపోయినా వంతు వంతే. దాని మీద పదేళ్ళుగా గొడవ లేదు.

లేదు లేదంటానే పోయిన వారం ఒకటి జరిగింది. అది చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు.

పోయిన వారం ఎండ వ్యాగన్ వచ్చింది. ఊరి వంతు. అక్టోబరులో ఊళ్ళో ఎండబెట్టుకునే వడ్లు ఎక్కడివి? అక్టోబరు పంట వేయడం ఎప్పుడో మానేసినారు, కోతలు అయింది మార్చిలో. అయినా ఆదిశేషమ్మ వచ్చి ఎండంతా తన పట్టలు పరుచుకుని కూర్చుంది. అరవై ఏళ్ళ మనిషి, మొగుడు పోయినాక రెండెకరాలు తనే చేయించుకుంటా వచ్చింది, మాట కరుకు. ఆమె ఎండేసింది ఏంటంటే మినప వడియాలు, రెండు పాత దిండ్లు, ఒక బొంత.

అప్పుడే పాలెం నుంచి పేరమ్మ నాలుగు గంపల నెత్తళ్ళతో వచ్చింది. ముందురోజు సాయంత్రం దిగిన చేపలు. సన్నవి కదా, రోజు దాటితే నిలవవు.

"అక్కా, నీ వడియాలు ఒక పక్కకి జరిపితే ఈ మూల పోసుకుంటా. పాడైపోతాయి అక్కా," అని అడిగింది.

"వంతు వంతే పేరమ్మా. ఈరోజు ఇస్తే రేపు మాదే అంటారు," అనింది ఆదిశేషమ్మ, దిండు తిప్పేస్తా.

పేరమ్మ గంపలు ఎత్తుకుని పోయింది. మూడో రోజు ఆ నెత్తళ్ళన్నీ ఇసకలో గొయ్యి తీసి పూడ్చేసిందని సుబ్బు చెప్పినాడు. ఆదిశేషమ్మ విని ఊరుకుంది. వడియాలు మాత్రం బ్రహ్మాండంగా ఎండినాయి.

ఇదీ సంగతి. ఇంక ఈ వారానికి వద్దాం.

ఆదిశేషమ్మ ఇంటి పెంకులు కదిలి, విత్తనాల గోతం మీద రాత్రంతా నీళ్ళు కారినాయి. పొద్దున్నే చేయి పెట్టి చూస్తే అడుగు దాకా తడి. ఆ గోతంలో ఉండేది ఎర్రవడ్లు, వాళ్ళత్త కాలం నుంచి ఏడాదికి ఒక గోతం తీసిపెట్టుకుంటా వస్తున్న విత్తనం. సముద్రానికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉప్పు తగిలిన నేల వాళ్ళది. షాపులో తెచ్చిన విత్తనాలు రెండుసార్లు వేసి చూసినారు, మొల్లోతు పెరిగి ఎర్రగా మాడిపోయినాయి. ఆ చేలో నిలబడేది ఈ ఎర్రవడ్లొక్కటే.

తడిసిన విత్తనమే కదా, ఎట్టాగూ నానబెట్టాల్సిందే కదా, తీసుకుపోయి చల్లేయొచ్చు కదా అని అడక్కండి. చల్లడానికి మడి ఎక్కడుంది? చేలో నడుం లోతు వాన నీళ్ళు. అది తేలేదానికి పది రోజులు కావాల. ఈ తడితో రేపటికల్లా మొలక తెల్లగా బయటికొస్తుంది. మొలక వచ్చిన విత్తనం పది రోజులు ఆగదు. ఈరోజు ఎండితే విత్తనం, లేకపోతే కోళ్ళ మేత.

ఇంకో గొడవ కూడా ఉంది. ఆమె కొడుకు పెంచల్ వరుసగా మూడేళ్ళు పంట పోయినాక విసిగిపోయి ఉన్నాడు. చుట్టూ అందరి చేలూ రొయ్యల గుంటలైపోయినాయి. నరేంద్రబాబు అనే ఆయన వీళ్ళ రెండెకరాలు కూడా గుంటకి ఇమ్మని ఏడాదిగా తిరుగుతున్నాడు. ఒకసారి గుంట తవ్వి ఉప్పు నీళ్ళు పెట్టినారంటే ఆ నేల మళ్ళీ వరి మొహం చూడదు. పెంచల్ చెడ్డోడు కాదు. అమ్మని బతిమాలినాడు, అలిగినాడు, ఆఖరికి దసరా నాడు తెగేసి చెప్పినాడు.

"ఇంట్లో విత్తనం ఉన్నన్నాళ్ళూ నీ మాట మీదే నడుస్తా. ఏ ఏడు విత్తనం లేకపోతుందో ఆ ఏడు నా మాట నువ్వు వినాల."

"ఉంటుంది లేరా, ఎందుకుండదు," అని ఆమె ధీమాగా ఒప్పుకుంది.

ఆ గోతమే ఇప్పుడు తడిసింది. పెంచల్ చూసినాడు. గోతం మూతి మళ్ళీ కట్టేసి పక్కన పెట్టినాడు.

ఆరున్నరకి యార్డులోకి ఒక ఖాళీ గూడ్సు వచ్చి మూడో లైన్లో ఆగింది. ఉషారాణి మేడమ్ కేకేసింది. సుబ్బు నిచ్చెన ఎక్కినాడు, చేయి పెట్టినాడు, అబ్బా అని వెనక్కి లాక్కున్నాడు.

"ఎండ మేడమ్! మామూలు ఎండ కాదు. కడప వైపు ముద్దనూరులో పక్క లైన్లో ఏప్రిల్ నుంచి నిలబడిపోయిన వ్యాగన్లంట, రిపేరుకి పైకి పంపిస్తున్నారు. ఎండాకాలం మొత్తం దీంట్లోనే ఉంది!"

కబురు రెండు పక్కలకీ పోయింది. వంతు పాలేనిది.

ఆదిశేషమ్మ గోతాన్ని పెంచల్ చేత మోయించుకుని వచ్చేసరికి, సుబ్బు రేకు తలుపు తీసి ఉన్నాడు. ఎండ వ్యాగన్లోంచి జారి కంకర మీద, ప్లాట్‌ఫారం అంచు మీద పసుప్పచ్చగా పరుచుకుని ఉంది. చుట్టూ సన్నగా వాన పడతానే ఉంది, ఆ ముక్కలో మాత్రం నేల పొగలు కక్కుతోంది. పేరమ్మ అక్కడ వల పరిచి నెత్తళ్ళు నెరుపుతోంది.

ఆదిశేషమ్మ ఆ ఎండ అంచు దాకా వచ్చి ఆగిపోయింది. వానలో తడుస్తా నిలబడింది. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

పేరమ్మ తలెత్తి చూసింది. గోతాన్ని చూసింది. గోతం అడుగున కారతా ఉన్న నీళ్ళని చూసింది.

"ఏందక్కా, వడియాలా?" అనింది.

"విత్తనాలు," అనింది ఆదిశేషమ్మ. "తడిసిపోయినాయి పేరమ్మా. ఈరోజు ఎండకపోతే చేను గుంటకి పోతుంది. పోయిన వారం నేను చేసింది తప్పే. నీ చేపలు పోయినాయని విన్నా కూడా రాలేదు, అది ఇంకా తప్పు. నువ్వు కాదంటే నేనేం అనుకోను."

పేరమ్మకి కోపం లేదని కాదు. బోలెడుంది. వారం నుంచి ఆ నాలుగు గంపలు తల్చుకున్నప్పుడల్లా ఈమెని తిట్టుకుంటానే ఉంది. కానీ పూడ్చిపెట్టేటప్పుడు చేతులకంటిన ఆ వాసన కూడా గుర్తుంది. పాడైపోయినదాన్ని చేత్తో ఎత్తి గోతిలో వెయ్యడం ఎట్టా ఉంటుందో ఆమెకి తెలుసు.

"తప్పని తెలిసింది కదా, చాల్లే. ఇంక ఏడవబాక. మళ్ళీ తడుస్తాయి," అని వల సగానికి మడిచింది. "ఇటు సగం నీది. ముందే చెప్తున్నా, అన్నంలో నీచు వాసనొస్తే నన్ను అడగబాకండి!"

పదేళ్ళలో మొదటిసారి వడ్లూ చేపలూ ఒకే ఎండలో పడినాయి. ప్లాట్‌ఫారం మీద ప్యాసింజర్ కోసం కూర్చున్నోళ్ళందరూ లేచి నిలబడి చూసినారు. ఆదిశేషమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, వడ్లలో కాళ్ళు ఈడ్చుకుంటా అటూ ఇటూ నడిచి చాళ్ళు తీసింది. పెంచల్ మాత్రం టీ కొట్టు కామమ్మ దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

గంట గడిచింది. ఆదిశేషమ్మ ఒక గింజ పంటి కింద పెట్టి కొరికింది. మెత్తగా నలిగింది. ఇంకో రెండు గంటలు కావాల.

అప్పుడే ఆఫీసులో ఫోన్ మోగింది. ఉషారాణి మేడమ్ మాట్లాడి బయటికొచ్చింది. ఆమె మొహం చూడగానే సుబ్బుకి అర్థమైంది.

"కంట్రోల్ ఆఫీసు నుంచి. మూడో లైను ఖాళీ చేయాలంట. వెనకాల బొగ్గు లోడు వస్తోంది. తలుపులు వెయ్యి సుబ్బూ."

"మేడమ్, ఇంకొక్క రెండు గంటలు..." ఆదిశేషమ్మ చేతులు జోడించింది.

"నా చేతిలో ఉంటే రెండు రోజులు ఆపుదును అమ్మా. బొగ్గు నా మాట వింటుందా?" అనింది ఉషారాణి. నిజంగానే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి.

సుబ్బు రేకు తలుపు ఎత్తి పిన్ను కొట్టినాడు. ఎండ కత్తిరించినట్టు తెగిపోయింది. వడ్ల మీద చినుకులు పడ్డాయి. ఆదిశేషమ్మ గబగబా పట్ట మడిచి, దాని మీద బోర్లా పడుకున్నట్టు వంగిపోయింది. అట్టా వంగే ఏడ్చింది. పెంచల్ టీ గ్లాసు కింద పెట్టి వచ్చి, ఆమెని లేపలేక, వదిలి పోలేక పక్కన నిలబడినాడు.

అదే సమయానికి గూడూరు నుంచి ప్యాసింజర్ కూతేసుకుంటా వచ్చి ఒకటో నంబరు ప్లాట్‌ఫారంలో ఆగింది.

పేరమ్మ తన చేపలు గంపల్లోకి ఎత్తుకుంటా ఒక్క క్షణం ఆగింది. ప్యాసింజర్ వైపు చూసింది, గూడ్సు వైపు చూసింది. ఇంజన్లు రెండూ ఉత్తరానికే తిరిగి ఉన్నాయి.

"ఉషమ్మా, ఈ గూడ్సు ఎటు పోతుంది?"

"నెల్లూరు మీదుగా బెజవాడ."

"ఎంత జోరుగా పోతుంది?"

"రిపేరు బండి కదా, ముప్ఫైకి మించకూడదు."

"మరింకేం! ఎండ పోతా ఉంటే మనం కూడా దాంతోపాటు పోతే సరి. రెండిట్నీ ఒక్కసారి వదులు తల్లీ!"

ఉషారాణి అర నిమిషం ఆలోచించింది. రూలు ప్రకారం తప్పు లేదు. ఎవరి లైను వాళ్ళది, ఎవరి సిగ్నల్ వాళ్ళది. రెండు లైన్లూ నెల్లూరు దాకా పక్కపక్కనే పోతాయి. ప్యాసింజర్ నెమ్మదిగా పోతుందంతే. వాకీటాకీలో ఇద్దరు డ్రైవర్లతో మాట్లాడింది. గూడ్సు డ్రైవరు సరేనన్నాడు. ప్యాసింజర్ డ్రైవరు, "లేటుకి కారణం ఏం రాసుకుంటారు మేడమ్?" అని అడిగినాడు.

"ఎండ," అనింది ఉషారాణి.

పేరమ్మ ఆదిశేషమ్మ రెక్క పట్టి లేపింది. "లే అక్కా, లే! పెంచలూ, చూస్తా నిలబడినావే, పట్ట ఎత్తుకో!"

వడ్ల మూట పెట్టెలోకి ఎక్కింది. లోపల నిలబడే చోటు లేదు. పేరమ్మ గొంతు ఒక్కటే చాలింది. "కాళ్ళు పైకెత్తండమ్మా! విత్తనాలు! ఓ అబ్బయా, బ్యాగు తీయి!" నర్సు ఫేబీ అందరికంటే ముందు చెప్పులిడిచి, కాళ్ళు మడిచి సీటు మీద పెట్టుకుంది. ఆమెని చూసి షాపుల ఆడపిల్లలు, వాళ్ళని చూసి కాలేజీ పిల్లకాయలు. గుమ్మం నుంచి గుమ్మం దాకా పట్ట పరిచినారు. ఎర్రవడ్లు నేలంతా నెరిపినారు. చేపల గంపలు పైన లగేజీ బల్లల మీదకి పోయినాయి.

రెండు బళ్ళూ ఒక్కసారే కదిలినాయి. ముందు ఏమీ కాలేదు. కిటికీల్లో పక్క బండి గోడ, పైన మబ్బు. ఆదిశేషమ్మ వంగి వడ్లు తాకి చూసింది, చల్లగానే ఉన్నాయి. పట్టాలు మారే పాయింట్లు దాటేటప్పుడు గూడ్సు ఒక కుదుపు కుదిపింది. వ్యాగన్ అంచు మీంచి ఎండ తొణికి, కిటికీ ఊచల్లోంచి ఇటు పొర్లింది. తర్వాత కుదుపు కుదుపుకీ ఇంకాస్త. కాసేపటికి పెట్టంతా వెచ్చగా, నేల నుంచి సీట్ల ఎత్తు దాకా నిండిపోయింది. అందరి కాళ్ళూ పైనే ఉన్నాయి కాబట్టి ఎవరికీ కాల్లేదు.

దార్లో రెండు చోట్ల ప్యాసింజర్ ఆగాల. ఆగిన నిమిషంలో గూడ్సు ముందుకు పోయేది, మళ్ళీ ప్యాసింజర్ ఉరికి దాన్ని అందుకునేది. అట్టా అందుకున్నప్పుడల్లా పిల్లకాయలు ఈలలేసినారు. బయట చేలన్నీ నీళ్ళు, గుంటలన్నీ నీళ్ళు, ఆ నీళ్ళ మీద వాన.

వడ్లు తిప్పాల. పెట్టె మధ్యలో చోటు ఇరుకు, ఆదిశేషమ్మకి మోకాళ్ళు సహకరించలేదు. రెండుసార్లు తూలింది.

"కూర్చో మా," అన్నాడు పెంచల్. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు విడిచి వడ్లలో దిగినాడు. కాళ్ళు ఈడ్చుకుంటా ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి పోయినాడు, తిరిగొచ్చినాడు. వేడికి పెదవి కొరుక్కున్నాడు గానీ ఆగలేదు. అచ్చం వాళ్ళ నాయన నడకే. ఆదిశేషమ్మ ఆ నడకని చూడలేక కిటికీలోంచి బయటికి చూసింది.

నెల్లూరు ఇంకో పది నిమిషాలు ఉందనగా పెంచల్ వంగి ఒక గింజ తీసినాడు. పంటి కింద పెట్టినాడు. టక్కుమనింది. ఆఖరి సీట్లో ఉన్న ఫేబీకి కూడా వినపడింది.

అతను ఇంకో చోట, అడుగు నుంచి ఒక గింజ తీసి మళ్ళీ కొరికినాడు. అదీ టక్కుమనింది.

జేబులో ఫోన్ మోగింది. తీసి చూసినాడు. నరేంద్రబాబు. ఆదిశేషమ్మకి పేరు చదవడం రాదు గానీ కొడుకు మొహం చదవడం వచ్చు. ఆమె పేరమ్మ చేయి గట్టిగా పట్టుకుంది.

"ఆ అన్నా... విన్నావా? అవును, తడిసింది నిజమే... లేదన్నా. గుంట తవ్వే మిషను పంపబాక. ఎండినాయి... ఎట్టా ఎండినాయంటే ఏం చెప్పేది, కడప ఎండ దొరికింది... ఇప్పుడు కాదన్నా. ఈ విత్తనం ఉన్నన్నాళ్ళూ కాదు. ఉంటా."

ఫోన్ జేబులో పెట్టుకుని, మళ్ళీ వడ్లలో నడవబోయినాడు.

"ఇంక తిప్పింది చాల్లేరా, కాళ్ళు బొబ్బలెక్కినాయి," అనింది ఆదిశేషమ్మ. ఆపైన ఆమె గట్టిగా ఏడ్చింది. పేరమ్మ ఆమె వీపు మీద రాస్తా, "ఏడువు అక్కా, ఏడువు. దూరంగా మాత్రం ఏడువు, వడ్లు మళ్ళీ తడుస్తాయి," అనింది. పెట్టె పెట్టంతా నవ్వింది. ఆదిశేషమ్మ కూడా ఏడుస్తానే నవ్వింది.

"నీ చేపలు?" అని అడిగింది కళ్ళు తుడుచుకుంటా.

పేరమ్మ పైన గంపలోకి చేయి పెట్టి చూసింది. "సగం ఎండినాయి. సగం లేదు."

"వచ్చే వంతు మాది. మొత్తం నువ్వే పోసుకో. నేనొచ్చి తిప్పుతా."

"చేపలు తిప్పడం నీకేం వచ్చక్కా?"

"నేర్పించు."

నెల్లూరు స్టేషన్లో ప్యాసింజర్ ఆగింది. గూడ్సు ఆగలేదు. ఎండని తీసుకుని పెన్న వంతెన వైపు పోయింది. పెట్టెలో ఒక్కసారిగా చల్లబడింది. జనం సీట్ల మీంచే ఒంగి, చేతులతో, అట్టలతో, పుస్తకాలతో వడ్లన్నీ మధ్యకి తోసినారు. ఒక్క గింజ తొక్కకుండా అందరూ దిగినారు.

బయట వాన జోరుగా పడతా ఉంది. వాళ్ళు దిగాల్సిన చోట పైన కప్పు లేదు. పెంచల్ మూటని భుజానికెత్తుకుని గుమ్మంలో ఒక నిమిషం నిలబడినాడు. మళ్ళీ దించినాడు. తన చొక్కా విప్పి మూట చుట్టూ కప్పి, చొక్కా చేతులు రెండూ ముడేసి, బనీనుతో వానలోకి దిగినాడు.